సి కోడ్‌కి కిట్ ఇన్‌స్పెక్షన్: లింట్ నుంచి మిస్రా దాకా

మన సంచికలో ఇన్నేళ్ళుగా యుద్ధాల గురించి, రెజిమెంట్ల గురించి, స్క్వాడ్రన్ల గురించి ఎన్నో మంచి వ్యాసాలు వచ్చాయి. నేను రాయబోయేది తుపాకీ మోత లేని చరిత్ర. నా సర్వీసులో మొదటి సగం ఎయిర్‌ఫోర్స్ టెక్నికల్ బ్రాంచిలో ఫ్లైట్ లైన్ మీద గడిచింది. రెండో సగం బెంగళూరులోనూ, తర్వాత హైదరాబాదులోనూ సాఫ్ట్‌వేర్ తనిఖీ ఫైళ్ళ మధ్య గడిచింది. ఆ రెండో సగంలో నేను చూసిన ఒక ముఖ్యమైన మార్పు గురించి తెలుగులో ఎవరైనా రాశారేమోనని వెతికాను. కనిపించలేదు. అందుకని ఈ ప్రయత్నం.

ఇవాళ మన చేతిలో ఉండే రేడియో సెట్టు దగ్గర్నుంచి రాడారు, మిస్సైలు, ఇంజన్ కంట్రోల్ దాకా అన్నింటి కడుపులోనూ ఒక చిన్న ప్రాసెసర్, దాని మెమరీలో ఒక ప్రోగ్రాం ఉంటాయి. దాన్నే ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ అంటున్నాం. ఆ ప్రోగ్రాంని నడిపి చూడటం టెస్టింగ్. నడపకుండా, రాసిన కోడ్‌ని మరో ప్రోగ్రాం చేత చదివించి తప్పులు పట్టించడం స్టాటిక్ ఎనాలిసిస్. విమానం మెకానిక్కులకి ఒక్క మాటలో చెప్పాలంటే మొదటిది ఇంజన్ గ్రౌండ్ రన్, రెండోది టార్చిలైటు పట్టుకుని విమానం చుట్టూ తిరిగి చేసే తనిఖీ. ఒకటి చేశాం కదా అని రెండోది మానేసే వాడిని ఏ ఫ్లైట్ సార్జంటూ క్షమించడు.

ఈ కథ అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మొదలవుతుంది. 1970ల మొదట్లో డెన్నిస్ రిచీ అక్కడ సి భాషను తయారు చేశాడు. ఆ భాష స్వభావం ఏమిటంటే, రాసేవాడి మీద దానికి అపారమైన నమ్మకం. నువ్వు ఏం రాస్తే అది చేస్తుంది, ఎందుకలా రాశావని అడగదు. పోలిక చూడాల్సిన చోట రెండు సమాన చిహ్నాలకు బదులు ఒకటే పెట్టారనుకోండి, పోల్చడం మానేసి విలువను మార్చేస్తుంది. కంపైలరు చిన్నదిగా, వేగంగా ఉండాలని దాంట్లో తనిఖీలు ఎక్కువ పెట్టలేదు. అదే ల్యాబ్‌లో పనిచేసే స్టీఫెన్ జాన్సన్ 1978లో ఆ తనిఖీలన్నీ విడిగా ఒక ప్రోగ్రాంలో పెట్టాడు. యూనిక్స్‌ను ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి మార్చే పని జరుగుతున్న రోజులవి. ఒక యంత్రంలో బాగా నడిచిన కోడ్ ఇంకోదాంట్లో ఎందుకు తంతోందో ముందే తెలుసుకోవలసిన అవసరం వచ్చింది. ఆ ప్రోగ్రాంకి లింట్ అని పేరు పెట్టాడు. బట్టలకు అంటుకునే దూది నూగుని ఇంగ్లీషులో అలా అంటారు. యూనిఫారం మీద నూగు దులిపి పరేడ్‌కి వెళ్ళిన మనందరికీ ఆ పేరు వేరే వివరించనక్కర్లేదు. 1985లో అమెరికాలో గింపెల్ అనే చిన్న కంపెనీ అదే పనిని పీసీ మీద చేసే పీసీ-లింట్‌ని అమ్మకానికి పెట్టింది. ఎంబెడెడ్ పని చేసేవాళ్ళలో చాలామందికి మొదటి తనిఖీ సాధనం అదే.

లింట్ వచ్చినంత మాత్రాన అందరూ వాడారనుకోకండి. అది వద్దంటే ఊరుకునే సాధనం. దాన్ని తప్పనిసరి చేయడానికి కొన్ని పెద్ద దెబ్బలు తగలాల్సి వచ్చింది.

1990 జనవరి 15న అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీ దూరప్రాంత టెలిఫోన్ వ్యవస్థ సుమారు 9 గంటల పాటు కుంటుపడింది. 114 స్విచింగ్ కేంద్రాలు ఒకదాన్ని చూసి ఒకటి రీసెట్ అవుతూ పోయాయి. కారణం తవ్వితే సి కోడ్‌లో ఒక స్విచ్ నిర్మాణం లోపల, ఒక ఇఫ్ షరతు మధ్యలో పడిన బ్రేక్ అనే చిన్న మాట. రాసినవాడు అది ఇఫ్ నుంచి బయటికి తెస్తుందనుకున్నాడు. అది ఇఫ్‌తో పాటు మొత్తం కేసు నుంచే బయటికి తెచ్చేసింది. ఆ తర్వాత జరగాల్సిన పని జరగలేదు, డేటా చెడిపోయింది. వ్యాకరణం ప్రకారం ఆ కోడ్‌లో తప్పు లేదు, అందుకే కంపైలరు నోరు మెదపలేదు.

ఏడాది తర్వాత జరిగింది మనందరికీ తెలిసిన సంగతే. 1991 ఫిబ్రవరి 25న గల్ఫ్ యుద్ధంలో, సౌదీ అరేబియాలోని ధహ్రాన్ దగ్గర పేట్రియట్ బ్యాటరీ ఒకటి తన మీదికి వస్తున్న స్కడ్ మిస్సైల్‌ని పట్టుకోలేకపోయింది. బ్యారక్ మీద పడి 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. పేట్రియట్ కంప్యూటరు కాలాన్ని సెకనులో పదో వంతులుగా లెక్కపెడుతుంది. పదో వంతును బైనరీలో ఎన్ని అంకెలు రాసినా పూర్తిగా రాయలేం. 24 బిట్ల దగ్గర కోసేస్తే అతి చిన్న తేడా మిగులుతుంది. బ్యాటరీ 100 గంటలు ఆపకుండా నడిచేసరికి ఆ తేడా 0.34 సెకను అయింది. స్కడ్ వేగానికి ఆ మూడో వంతు సెకనులో అర కిలోమీటరుకు పైగా దూరం. రాడారు వెతకాల్సిన చోటు వెతకలేదు. సరిచేసిన సాఫ్ట్‌వేర్ ధహ్రాన్‌కి ఫిబ్రవరి 26న చేరింది, అంటే ఒక్క రోజు ఆలస్యంగా.

ఈ ఘటనలో నాకు ఎక్కువ నొప్పి కలిగించే విషయం వేరే ఉంది. గణితవేత్త రాబర్ట్ స్కీల్ 1992లో రాసినదాని ప్రకారం, కాలాన్ని మరింత కచ్చితంగా మార్చే ఒక కొత్త సబ్‌రొటీన్ ఆ కోడ్‌లో అప్పటికే కొన్ని చోట్ల పెట్టారు. పెట్టాల్సిన చోట్లన్నింటిలో పెట్టలేదు. ఒకే లెక్కలో ఒక కాలం కొత్త పద్ధతిలో, ఇంకో కాలం పాత పద్ధతిలో వచ్చాయి. రెండూ పాత పద్ధతిలోనే ఉంటే తేడాలు ఒకదానికొకటి కొట్టుకుపోయేవి. సగం మరమ్మత్తు అసలు లేని మరమ్మత్తు కన్నా ఎంత ప్రమాదమో చూడండి. ఇలాంటి తప్పుని మామూలు లింట్ పట్టగలదా అంటే, పట్టలేదు. సాధనాలు అమ్మేవాళ్ళు తమ ఉపన్యాసాల్లో పేట్రియట్ బొమ్మ చూపించినప్పుడల్లా నేను ఈ ప్రశ్న వేసేవాణ్ణి. సూటిగా జవాబు చెప్పినవాళ్ళు తక్కువ.

1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి లేచిన ఏరియాన్ 5 రాకెట్టు కథ దీనికి భిన్నం. 37వ సెకను ప్రాంతంలో దాని జడత్వ నిర్దేశక వ్యవస్థ ఆగిపోయింది, కొద్ది క్షణాల్లో రాకెట్టు పక్కకు తిరిగి ముక్కలయింది. నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు పోయాయి. జాక్ లూయీ లియాన్స్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం ఆరేడు వారాల్లో నివేదిక ఇచ్చింది. 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యను 16 బిట్ల పూర్ణసంఖ్యలో కూర్చబోతే పట్టలేదు. ఆ కోడ్ ఏరియాన్ 4 నుంచి తెచ్చింది. ఏరియాన్ 4 ప్రయాణ మార్గంలో ఆ సంఖ్య అంత పెరగదు, ఏరియాన్ 5లో పెరిగింది. అలా పొంగే ప్రమాదం ఉన్న సంఖ్యలు ఏడు ఉన్నాయని డిజైనర్లకు తెలుసు. కంప్యూటరు భారం 80 శాతం దాటకూడదన్న లక్ష్యం కోసం నాలుగింటికి రక్షణ పెట్టి మూడింటిని వదిలేశారు. ఆ మూడింటిలో ఒకటే ఇది. స్టాండ్‌బై యూనిట్ సంగతి చెప్పాలంటే, అదే సాఫ్ట్‌వేర్ కాబట్టి అదే కారణానికి 72 మిల్లీసెకన్లు ముందే పడిపోయింది. ఒకే డ్రిల్లు నేర్చిన ఇద్దరు సెంట్రీలు ఒకే చోట పొరపాటు పడ్డారన్నమాట. ఇంకో విషయం, ఆ కోడ్ సి లో కాదు, భద్రమైనదని పేరున్న అడాలో రాసింది.

ఈ తప్పు సాధనాలకు అందే తప్పు. పాట్రిక్ కూసో, రధియా కూసో అనే ఫ్రెంచి దంపతులు 1977లోనే ఎబ్‌స్ట్రాక్ట్ ఇంటర్‌ప్రెటేషన్ అనే సిద్ధాంతాన్ని ప్రకటించారు. ఒక చలరాశి ఏ ఒక్క విలువ తీసుకుంటుందని కాకుండా, ఏ కనిష్ఠం నుంచి ఏ గరిష్ఠం దాకా తీసుకోగలదో ప్రోగ్రాం పొడుగునా లెక్క కట్టుకుంటూ పోవచ్చన్నది దాని సారాంశం. ఏరియాన్ ప్రమాదం తర్వాత ఆ సిద్ధాంతానికి పని దొరికింది. 1999లో ఫ్రాన్స్‌లో పాలీస్పేస్ కంపెనీ పుట్టింది, 2007లో దాన్ని మ్యాథ్‌వర్క్స్ కొనుక్కుంది. కూసో బృందమే తయారుచేసిన ఆస్ట్రే అనే సాధనం 2003లో ఎయిర్‌బస్ ఏ340 విమానం ప్రధాన ఫ్లైట్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌ని, 1,32,000 లైన్ల సి కోడ్‌ని, ఒక మామూలు పీసీ మీద గంటా ఇరవై నిమిషాల్లో చదివి, దాంట్లో రన్‌టైమ్ తప్పులు లేవని నిరూపించింది. ఒక్క తప్పుడు హెచ్చరిక కూడా ఇవ్వలేదు. అయితే ఇక్కడో మాట. ఇలాంటి సాధనానికి లోపలికి వచ్చే సంఖ్యల హద్దులు మనమే చెప్పాలి. ఏరియాన్ 4 హద్దులే దానికి చెప్పి ఉంటే, ఏరియాన్ 5 కోడ్ బాగానే ఉందని అదీ సంతకం పెట్టేది.

ఇక మిస్రా. బ్రిటన్‌లో కార్ల పరిశ్రమ వాళ్ళు కట్టుకున్న సంఘం అది. కారులో సి వాడకుండా ఉండలేం, ఉన్నదున్నట్టు వాడితే ప్రమాదం, కాబట్టి భాషలో భద్రమైన భాగాన్ని గిరిగీసి అందులోనే ఉందామన్నారు. 1998లో 127 నిబంధనలతో పుస్తకం వేశారు. అందులో 93 తప్పనిసరి, 34 సలహాలు. స్విచ్‌లో పని చేసే ప్రతి కేసూ బ్రేక్‌తో ముగియాలి, ఫంక్షన్ తనని తాను పిలుచుకోకూడదు, నడుస్తూ నడుస్తూ మెమరీ అడుక్కోకూడదు, ఇలాంటివి. 2004లోను, 2012లోను పెద్ద సవరణలు వచ్చాయి, 2023లో, 2025లో కూడా కొత్త కూర్పులు వచ్చాయి. కార్ల కోసం పుట్టిన ఈ పుస్తకం మెడికల్ పరికరాలకూ, రైళ్ళకూ, ఆయుధాలకూ పాకింది. అమెరికా వాళ్ళు ఎఫ్-35 కోసం 2005 డిసెంబరులో సి ప్లస్ ప్లస్‌కి విడుదల చేసిన నిబంధనల పుస్తకం కూడా దీన్ని చూసి చాలా నేర్చుకుంది. ఆ దేశ రక్షణ శాఖ అడాని తప్పనిసరి చేసే ఆదేశాన్ని 1997లో ఎత్తేసిన తర్వాత, సి కుటుంబం భాషలకు ఇలాంటి కంచె లేకపోతే నడవదు.

మన దగ్గర సంగతి. 2001 జనవరి 4న బెంగళూరులో వింగ్ కమాండర్ రాజీవ్ కొఠియాల్ తేజస్ మొదటి నమూనాని గాల్లోకి లేపినప్పుడు, ఆ విమానాన్ని నిలబెట్టింది నాలుగు చానళ్ళ డిజిటల్ ఫ్లైట్ కంట్రోల్ కంప్యూటరు, దాంట్లోని అడా కోడ్. ఆ స్థాయి పనికి స్వతంత్ర తనిఖీ బృందాలు, ధ్రువీకరణకు సెమిలాక్, అంతా ఒక పద్ధతిలో ఉండేది. కానీ ఫ్లైట్ కంట్రోల్ కాని వందలాది చిన్న పెట్టెలు, అంటే టెస్ట్ రిగ్గులు, బ్యాటరీ చార్జర్లు, డిస్‌ప్లే యూనిట్లు, గ్రౌండ్ ఎక్విప్‌మెంట్, వీటన్నింటిలోకీ సి వచ్చేసింది. వాటిని రాసింది చిన్న చిన్న సప్లయర్లు. వాళ్ళ కోడ్‌ని ఎలా నమ్మడం అన్నదే మా తలనొప్పి.

2000ల మధ్యలో అలాంటి సాధనం ఒకటి కొనడానికి వేసిన కమిటీలో నేనూ ఉన్నాను. ముగ్గురు అమ్మకందార్లు వచ్చారు. ముగ్గురి బ్రోషర్లలోనూ మిస్రా నిబంధనలు దాదాపు అన్నీ పడతామని రాసి ఉంది. మా దగ్గర అప్పటికే ఫీల్డులో స్నాగ్‌లు వచ్చి, కారణాలు తేలిన పాత కోడ్ ఉంది. సరిచేయక ముందటి ఆ కూర్పుల్ని మూడు సాధనాలకూ ఇచ్చాం. జవాబులు మాకు తెలుసు, వాళ్ళకు తెలియవు. బ్రోషర్ చూసి మొదటి స్థానం ఇచ్చిన సాధనం ఈ పరీక్షలో చివరికి వెళ్ళింది. ఒక ఫైలు లోపల బాగానే చూసేది గాని, ఒక ఫైలులో ఒకలా, ఇంకో ఫైలులో ఇంకోలా ప్రకటించిన చలరాశి సంగతి దానికి పట్టలేదు. ఇంకొకటి హెచ్చరికలు వేలల్లో గుమ్మరించింది. నిజమైన తప్పు వాటి మధ్య ఎక్కడో ఉంది. ఆ వేలూ చదివే ఓపిక ఎవరికి?

ఎంచుకునేటప్పుడు మేం అడిగిన ప్రశ్నలు కొన్ని చెబుతాను, ఇప్పుడు ఆ కుర్చీల్లో ఉన్నవాళ్ళకి పనికొస్తాయేమో. మన ప్రాసెసర్‌లో పూర్ణసంఖ్య 16 బిట్లా 32 బిట్లా అన్నది సాధనానికి చెప్పే వీలుందా? మన క్రాస్-కంపైలరు సొంతంగా చేర్చుకున్న ఇంటరప్ట్ పదాల్ని చూసి కంగారు పడుతుందా? ఇంటర్నెట్ లేని గదిలో నడుస్తుందా? లైసెన్సు కోసం విదేశంలో ఉన్న సర్వర్‌ని పలకరించాల్సి వస్తే మన గదుల్లో అది దండగ. మన పరికరం ఇరవై ఏళ్ళు సర్వీసులో ఉంటుంది, కంపెనీ అన్నేళ్ళు ఉంటుందా? ఒక నిబంధనని కావాలని మీరితే దాని కారణం, ఎవరు ఒప్పుకున్నారు అన్నది కోడ్ పక్కనే నమోదు చేసే ఏర్పాటు ఉందా? విమానాలకు సంబంధించినదైతే 1992 నాటి డీఓ-178బి, 2011లో వచ్చిన డీఓ-178సి ప్రకారం ఇంకో మెలిక ఉంది. సాధనం చెప్పింది కదా అని మనిషి చేసే తనిఖీ మానేయదలిస్తే, ముందు ఆ సాధనానికే అర్హత పరీక్ష పెట్టాలి. ధర గురించి చివర్లో మాట్లాడుకున్నాం. మొదట్లో మాట్లాడి ఉంటే కమిటీ మొదటి రోజే ముగిసేది.

అన్ని నిబంధనల్నీ యంత్రమే పట్టగలదనుకోవడం కూడా సరికాదు. ఏ ప్రోగ్రాం ఆగుతుందో ఏది ఆగదో అన్నింటికీ వర్తించేలా చెప్పే పద్ధతి ఉండదని ట్యూరింగ్ 1936లోనే తేల్చాడు. ఆ నిజం ఇక్కడ కూడా వెంటాడుతుంది. మిస్రా 2012 కూర్పులో ఒక్కో నిబంధన పక్కన, అది యంత్రం కచ్చితంగా తేల్చగలిగేదా కాదా అని గుర్తు పెట్టారు. నిజాయితీగల పని. వంద శాతం కవరేజీ అని చెప్పే అమ్మకందారుని ఆ పేజీ దగ్గర ఆపి ప్రశ్నించవచ్చు.

సాధనం కొన్నాక అసలు సమస్య మొదలయింది. ఒక సప్లయరు మంచుప్రాంతాల్లో వాడే పరికరానికి బ్యాటరీ హీటర్ కంట్రోలర్ చేసిచ్చాడు. రిపోర్టులో హెచ్చరికలు సున్నా. అందరూ మెచ్చుకున్నారు. మా దగ్గర గుంటూరు వైపు వాడైన ఒక సార్జంటు ఉండేవాడు, లేలో రెండు శీతాకాలాలు చేసి వచ్చాడు. రిపోర్టు తిరగేసి, "సార్, దీన్ని మైనస్‌లో పెట్టి చూశారా?" అన్నాడు.

"హెచ్చరికలేం లేవుగా. ఏం అనుమానం వచ్చింది నీకు?"

"హెచ్చరిక లేదు గానీ సార్, టెంపరేచర్ లైన్ దగ్గర కాస్ట్ ఒకటి పెట్టారు. పాత కూర్పులో అది లేదు. అక్కడ గుర్తు పోతోందేమో చూడండి. లేలో జనవరిలో సున్నా పైన ఉండే పూట అరుదు."

చలిగది పరీక్ష పెట్టాం. మైనస్ 5 డిగ్రీల దగ్గర హీటర్ ఆగిపోయింది. 8 బిట్లలో మైనస్ 5ని గుర్తు లేని సంఖ్యగా చదివితే 251 అవుతుంది. బ్యాటరీ 251 డిగ్రీల వేడిలో ఉందనుకుని కంట్రోలరు హీటర్‌ని కట్టేసింది. పాత కూర్పులో సాధనం ఇదే లైను దగ్గర హెచ్చరించింది, గుర్తున్న సంఖ్యనీ గుర్తు లేని సంఖ్యనీ కలుపుతున్నావని. డెలివరీ గడువు ముంచుకొస్తోందని అక్కడి ఇంజనీరు ఒక కాస్ట్ రాసి దాని నోరు మూయించాడు. సాధనం దృష్టిలో అది, నాకు తెలిసే చేస్తున్నానని రాసిచ్చిన సంతకం. ఆ పెట్టె అలాగే పైకి వెళ్ళి ఉంటే చలి రాత్రి పోస్టులో రేడియో మూగబోయేది. మైనస్ ముప్పైలో రేడియో లేని పోస్టు అంటే ఏమిటో మీలో అక్కడ చేసిన వాళ్ళకి చెప్పనక్కర్లేదు.

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయం నుంచి బూగెర్డ్, మూనెన్ అనే పరిశోధకులు 2008లో ఒక నిజమైన ఎంబెడెడ్ ప్రాజెక్టు చరిత్రను తవ్వి చూశారు. మిస్రా నిబంధనల్లో కొన్నింటి ఉల్లంఘనలకే అసలు తప్పులతో సంబంధం కనిపించింది, చాలావాటికి కనిపించలేదు. కోడ్‌లో చేసే ప్రతి మార్పూ కొత్త తప్పుని తేవచ్చు కాబట్టి, అన్ని హెచ్చరికల్నీ గుడ్డిగా తుడిచేయడం మేలు కన్నా కీడు చేయవచ్చని వాళ్ళ వాదన. పనిచేస్తున్న పాత కోడ్ విషయంలో నేను దీన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. కొత్తగా రాసే కోడ్ విషయంలో ఒప్పుకోను. అక్కడ మొదటి రోజు నుంచే సాధనం పక్కన ఉండాలి. నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌లో జెరార్డ్ హోల్జ్‌మన్ 2006లో పది నియమాలు మాత్రమే రాశాడు. పదోది ఏమిటంటే, అన్ని హెచ్చరికలూ తెరిచి ఉంచి కంపైల్ చేయాలి, రోజుకొకసారైనా స్టాటిక్ ఎనలైజర్‌కి చూపించాలి. హెచ్చరిక తప్పనిపిస్తే, సాధనానికి కూడా అర్థమయ్యేంత తేలిగ్గా కోడ్‌ని తిరగరాయమంటాడు. నోరు మూయించమనడు.

హీటర్ సంగతి తర్వాత మా గ్రూపులో ఒక పద్ధతి పెట్టాం. సప్లయరు చివరి రిపోర్టు ఒక్కటే పంపితే తీసుకోం. మొదటి రిపోర్టు, చివరి రిపోర్టు రెండూ కావాలి. మధ్యలో మాయమైన ప్రతి హెచ్చరిక పక్కన, కోడ్ సరిచేశారా, కాస్ట్ పెట్టారా, మినహాయింపు తీసుకున్నారా అన్నది ఒక్క ముక్కలో రాసి, రాసినవాడు సంతకం చేయాలి. కాస్ట్ అని రాసిన వరసలు మాత్రం మా వాళ్ళు ఒక్కొక్కటీ తెరిచి చూస్తారు. మొదట్లో సప్లయర్లు గొణిగారు, గడువులు తప్పుతాయన్నారు. మొదటి రెండు మూడు డెలివరీలకు తప్పాయి కూడా. తర్వాత సర్దుకున్నారు. ఆ పట్టిక నమూనాకి మొదటి చిత్తుప్రతి రాసింది ఆ సార్జంటే, తెలుగు అక్షరాలంత గుండ్రంగా ఉండే ఇంగ్లీషు చేతిరాతలో. నేను రిటైరయ్యేనాటికి కూడా ఆ ఫారమే వాడుతున్నారు, పైన వరసలో ఒక్క గడి మాత్రం కొత్తగా చేర్చారు: "పరీక్షించిన కనిష్ఠ ఉష్ణోగ్రత."